రాక్ గిటారిస్టు సొంతంగా జాజ్ ఇన్‌స్ట్రుమెంటల్ ఆల్బమ్ చేయొచ్చా?

కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి సారం చెప్తాను. పదేళ్ళు రాక్ బ్యాండులో లీడ్ గిటార్ వాయించాడు, బ్యాండు విడిపోయింది, ఇప్పుడు గాయకుడు లేకుండా ఒట్టి వాద్యాలతో తన పేరు మీద ఒక జాజ్ ఆల్బమ్ చేయాలని ఉందట. థియరీ పెద్దగా రాదు. ఉన్న గిటార్ అమ్మేసి జాజ్ గిటార్ కొనాలా, ఎన్నాళ్ళు పడుతుంది, జాజ్ వాళ్ళు విని నవ్వుతారా అని అడుగుతున్నాడు.

చేయొచ్చు తమ్ముడూ. గిటార్ అమ్మొద్దు. కానీ ఈ సంవత్సరం మాత్రం రికార్డింగ్ పెట్టుకోవద్దు. ఐదు ట్యూన్లు తీసుకో, ఐదే, వాటితో ఏడాది కాపురం చెయ్. వెనక బాస్, డ్రమ్స్, కీబోర్డ్ ఏమీ లేకుండా నువ్వొక్కడివే సోలో వాయిస్తుంటే, వింటున్న మనిషికి కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) ఎక్కడ మారిందో నీ స్వరాల్లోనే తెలియాలి. అది వచ్చిన రోజు రికార్డింగ్‌కి తేదీ పెట్టుకో. రానంతవరకు ఎంత ఖరీదైన గిటార్ పట్టుకున్నా, ఎంత స్పీడుగా వాయించినా, అది జాజ్ వేషం వేసుకున్న రాక్ సోలోనే అవుతుంది.

ఇదంతా పుస్తకం చదివి చెప్పట్లేదు. నేను హన్మకొండలో ఉంటాను. 2003 నుంచి 2009 దాకా ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్టుల్లో, గణేశ్ నవరాత్రి స్టేజీల మీద రాక్ వాయించాను. ఆ తర్వాత జాజ్ వైపు వచ్చాను, ఒక ఆల్బమ్ చేసి పక్కన పడేశాను, ఇంకోటి చేసి నిలబెట్టుకున్నాను. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో చెప్తే నీకు మూడేళ్ళు కలిసొస్తాయి.

ముందు తేడా ఎక్కడుందో చూడు. రాక్‌లో మనం సాధారణంగా పాట మొత్తానికి ఒక స్కేల్, అంటే ఒక స్వరాల వరుస, పట్టుకుంటాం. పాట ఇ మైనర్‌లో ఉందంటే పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇ మైనర్ పెంటటానిక్ బాక్సు, అంటే ఐదు స్వరాల అమరిక, అంతే, కింద కార్డులు ఏం మారినా మనం ఆ బాక్సులోనే ఉంటాం, అది బాగానే ఉంటుంది కూడా, ఎందుకంటే రాక్‌లో బలం రిఫ్‌లో (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న పలుకు), టోన్‌లో, బెండ్‌లో (తీగని పక్కకి లాగి స్వరం పెంచడం) ఉంటుంది. జాజ్‌లో కార్డు మారినప్పుడల్లా నీ చేతిలో ఉన్న స్వరానికి అర్థం మారిపోతుంది. సి అనే స్వరం డి మైనర్ సెవెన్ అనే కార్డు మీద హాయిగా కూర్చుంటుంది. అదే సి, కింద జి సెవెన్ రాగానే అరమెట్టు, అంటే ఒక్క ఫ్రెట్, దిగి బి మీదకి పోదామని లాగుతుంది. ఆ లాగుడు నీ చెవికి తెలియాలి. థియరీ రాదన్నావు కదా, నీకు కావలసిన థియరీలో ముప్పావు వంతు ఈ లాగుడే.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. 2009లో కాజీపేటలో రిటైరైన ఒక రైల్వే గార్డు దగ్గరికి వెళ్ళాను. వయసులో ఉన్నప్పుడు రైల్వే వాళ్ళ డాన్సు పార్టీల్లో గిటార్ వాయించిన మనిషి, ఆదివారం చర్చిలో ఇంకా వాయించేవారు. అందరం సార్ అనేవాళ్ళం. నేను ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి, ఆటమ్ లీవ్స్ అనే జాజ్ ట్యూన్‌కి బ్యాకింగ్ ట్రాక్ (వెనక వాద్యాల రికార్డింగ్) పెట్టి, నాకొచ్చిందంతా వాయించాను. మూడు రౌండ్లు. సార్ టీ తాగుతూ విన్నారు. అయిపోయాక ఏమీ అనలేదు, లేచి ల్యాప్‌టాప్ మూత దించి, "ఇప్పుడు వాయించు బాబూ" అన్నారు. వాయించాను. నాకే వినిపించింది. వెనక ట్రాక్ లేకపోతే నేను వాయించేది ఇ మైనర్ పెంటటానిక్‌లో పైకీ కిందికీ నడవడం, అంతే. "పాట ఎక్కడుంది?" అని అడిగారు. ఆ పాటలో బి సెవెన్ కార్డు వస్తుంది, దానిలో డి షార్ప్ ఉంటుంది, పాట మళ్ళీ ఇ మైనర్‌కి ఇంటికి రావడానికి దారి చూపించేది ఆ స్వరమే. నా బాక్సులో ఉన్నది మామూలు డి. పాట ఇంటికి పోదామన్న ప్రతిసారీ నేను గేటు వేస్తున్నానన్నమాట, ఆరేళ్ళుగా.

ఆ రోజు సార్ చెప్పిన పనే నీకూ చెప్తున్నాను, గిటార్ పట్టుకుని చదువు. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. జాజ్‌లో అడుగడుగునా తగిలే వరుస ఇది. ఐదో తీగ మీద ఐదో ఫ్రెట్, నాలుగో తీగ మీద మూడో ఫ్రెట్, మూడో తీగ మీద ఐదో ఫ్రెట్: డి, ఎఫ్, సి. ఈ మూడు స్వరాలతోనే డి మైనర్ సెవెన్ అయిపోయింది. ఇప్పుడు బాస్ స్వరాన్ని ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద జికి మార్చు, నాలుగో తీగ మీద వేలు కదపొద్దు, మూడో తీగ మీద వేలు మాత్రం ఐదు నుంచి నాలుగుకి దించు. జి సెవెన్ వచ్చేసింది. ఇప్పుడు బాస్ ఐదో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ మీద వేలు అక్కడే ఉంచు, నాలుగో తీగ మీద వేలు మూడు నుంచి రెండుకి దించు. సి మేజర్ సెవెన్. చూశావా, మూడు కార్డులు మారితే మూడో, నాలుగో తీగల మీద ఒక్కోసారి ఒక్క వేలు, ఒక్క ఫ్రెట్ కదిలింది. ఈ రెండు తీగల మీద ఉన్నవి ఆ కార్డు థర్డ్, సెవెంత్, అంటే కార్డు మొదటి స్వరం నుంచి లెక్కపెడితే మూడోది, ఏడోది. వీటినే గైడ్ టోన్స్ అంటారు. ఇప్పుడు బాస్ స్వరం వదిలేసి ఈ రెండు స్వరాలే వాయించు, కార్డులు ఇంకా వినిపిస్తాయి. తర్వాత ఒక్కటే తీసుకుని, ఉన్న జాగాలోంచి అది ఎప్పుడు దిగుతుందో చూస్తూ, దాని చుట్టూ రెండు మూడు స్వరాలు అల్లు. జాజ్ సోలో పుట్టేది అక్కడే. నేను నాలుగు నెలలు ఇంతకు మించి ఏమీ వాయించలేదు, ఇంట్లో వాళ్ళు గిటార్ పాడైందా అని అడిగారు.

చిన్నప్పుడు కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్నవాళ్ళకి ఇక్కడొక దగ్గరి దారి ఉంది. పై మూడు కార్డుల మీదా వాడే స్వరాలు ఏడే, ఒకటే గుంపు. షడ్జమం డి అనుకుంటే అది ఖరహరప్రియ, జి అనుకుంటే హరికాంభోజి, సి అనుకుంటే శంకరాభరణం. మన గ్రహభేదం (స్వరాలు అవే ఉంచి షడ్జమం మార్చడం) లాంటిదే. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన సో వాట్ ట్యూన్ తీసుకుంటే ఇంకా తేలిక: మొదటి 16 బార్లు (బార్ అంటే ఇక్కడ నాలుగు బీట్లు) డి షడ్జమంగా ఖరహరప్రియ స్వరాలు, తర్వాత 8 బార్లు అవే స్వరాలు అరమెట్టు పైకి, మళ్ళీ 8 బార్లు కిందికి, మొత్తం 32. రాక్ నుంచి వచ్చేవాళ్ళకి మొదటి ట్యూన్‌గా నేను ఇదే ఇస్తాను. కానీ రాగాల పేర్లు తెలిశాయి కదా అని ధీమా పడొద్దు. మన దగ్గర తంబురా కదలదు, షడ్జమం ఎక్కడికీ పోదు. జాజ్‌లో కాళ్ళ కింద నేలే కదులుతుంది. రాగం బాగా తెలిసినవాళ్ళు కూడా మొదట్లో ఇక్కడే తప్పిపోతారు, నేను చూశాను.

లయ సంగతి. చాలామంది రాక్ గిటారిస్టులు స్వరాల మీద రెండేళ్ళు కష్టపడి లయను గాలికి వదిలేస్తారు, తర్వాత వాయించిందంతా సరైన స్వరాలే అయినా అదేదో స్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. రాక్‌లో ఎయిత్ నోట్స్, అంటే బీట్‌కి రెండు చొప్పున పడే స్వరాలు, సమానంగా పడతాయి. జాజ్ నడక స్వింగ్‌లో ఒక బీట్‌ని మూడు ముక్కలు చేసి మొదటి ముక్క, మూడో ముక్క వాయించినట్టు ఉంటుంది, పాట వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతూ దాదాపు సమానం అయిపోతుంది. ఇది పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు. మనకి మాత్రం ఒక ఆస్తి ఉంది: తీన్‌మార్. డప్పు దరువులో ఆ మూడు ముక్కలు పుట్టినప్పటి నుంచి మన ఒంట్లో ఉన్నాయి. బోనాలకో, నిమజ్జనానికో ఊరేగింపు పక్కన నడిచినవాడికి ట్రిప్లెట్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. నేను నా దగ్గరికి వచ్చే పిల్లలతో ముందు తొడ మీద తీన్‌మార్ వేయిస్తాను, మెల్లగా మధ్య దెబ్బ తీసేయమంటాను, అప్పుడు మిగిలింది నోటితో అనమంటాను, అప్పుడు గిటార్. తీన్‌మార్, స్వింగ్ ఒకటే అనట్లేదు, బరువు పడే చోటు వేరు. అందుకే రెండో పని: మెట్రోనోమ్‌ని (లయ కొట్టే యంత్రం) 60లో, అంటే నిమిషానికి 60 దెబ్బలకి, పెట్టి, అది కొట్టే దెబ్బల్ని ఒకటి, రెండు అనుకోకుండా రెండు, నాలుగు అనుకో. అంటే పాట 120లో నడుస్తుంది, ఒకటి, మూడు నీ లోపల ఉండాలి. మొదటి వారం తల తిరుగుతుంది. మానొద్దు.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు కానీ రాక్ నుంచి వచ్చేవాళ్ళని అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. డిస్టార్షన్ (రాక్ గిటార్‌కి ఉండే ఆ గరగర) తీసేయగానే స్వరం చచ్చిపోతుంది. నువ్వు పదేళ్ళుగా ఒక స్వరం పట్టి వైబ్రాటో (స్వరాన్ని ఊపడం) ఇస్తే అది నాలుగైదు సెకన్లు పాడే చోట ఉన్నావు. క్లీన్ టోన్‌లో అది రెండు సెకన్లలో సన్నబడిపోతుంది. ఆ ఖాళీ చూసి కంగారుపడి అందరం స్వరాలు కుమ్మరిస్తాం. నేను ఒక ఏడాది అలా కుమ్మరించాను. మందు ఏమిటంటే, వాయించేది నోటితో పాడుతూ వాయించడం. గొంతు బాగుండక్కర్లేదు. ఊపిరి అయిపోగానే చెయ్యి కూడా ఆగాలి. సన్నాయి ఊదే ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో ఏదైనా పెళ్ళి పందిట్లో కూర్చుని ఒకసారి గమనించు, ఆ ఆగిన చోటే తర్వాత వచ్చే పలుకుకి విలువ ఇస్తుంది. గిటార్‌కి ఊపిరి అవసరం లేదు కాబట్టే మనం ఎడతెగకుండా వాగుతాం.

అలాగని నీలో ఉన్న రాక్‌ని కడిగేసుకోవాలని కాదు. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నీ ప్రశ్నలో భయం ఇక్కడే ఉంది.

జెఫ్ బెక్‌ని తీసుకో. యార్డ్‌బర్డ్స్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండు నుంచి వచ్చిన గిటారిస్టు, ముందంతా గట్టి రాక్. 1975లో బ్లో బై బ్లో అని పూర్తి ఇన్‌స్ట్రుమెంటల్ ఆల్బమ్ చేశాడు, బీటిల్స్‌కి పనిచేసిన జార్జ్ మార్టిన్ ప్రొడ్యూసర్. గాయకుడు లేని ఆ రికార్డు అమెరికా చార్టులో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. అతను అక్కడ జాజ్ వాళ్ళలా మారిపోదామని ప్రయత్నించలేదు. మ్యాక్స్ మిడిల్టన్ కీబోర్డుతో కింద మంచి హార్మొనీ పరిచాడు, దాని మీద బెక్ తన బెండ్లు, తన వాల్యూమ్ నాబ్ అలాగే ఉంచుకుని, గిటార్‌ని గాయకుడి జాగాలో నిలబెట్టాడు. అందులో స్టీవీ వండర్ ఇచ్చిన నిదానపు పాట ఒకటుంది, అది విన్నప్పుడు స్వరాలు లెక్కపెట్టి చూడు, ఎంత తక్కువో. మరుసటి ఏడాది ఆల్బమ్‌లో జాజ్ బాసిస్టు చార్లెస్ మింగస్ పాటే తీసుకుని వాయించాడు.

ఇంకో దారి అలెక్స్ స్కోల్నిక్‌ది. టెస్టమెంట్ అనే థ్రాష్ మెటల్ బ్యాండులో లీడ్ గిటారిస్టు. అది వదిలి న్యూయార్క్ వెళ్ళి కాలేజీలో చేరి జాజ్ చదువుకున్నాడు, ముగ్గురితో ట్రయో పెట్టి 2002లో ఆల్బమ్ తెచ్చాడు. ఏం వాయించాడనుకున్నావు? తను వింటూ పెరిగిన హార్డ్ రాక్ పాటల్నే జాజ్ పద్ధతిలో. తర్వాత మళ్ళీ మెటల్ బ్యాండులో కూడా చేరాడు, రెండూ చేస్తున్నాడు. ద పోలీస్ అనే రాక్ బ్యాండు గిటారిస్టు ఆండీ సమ్మర్స్ కూడా అంతే, 1999లో జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ ట్యూన్లతో ఒక ఆల్బమ్ చేశాడు. ఈ ముగ్గురిలో నీకు ఎవరు దగ్గరో ఆలోచించుకో. బెక్ దారిలో వెళ్తే పక్కన హార్మొనీ బాగా తెలిసిన కీబోర్డు మనిషి ఉండి తీరాలి. స్కోల్నిక్ దారిలో వెళ్తే నువ్వే చదువుకోవాలి. నాకు రెండోదే ఇష్టం, మనకి ఇక్కడ అలాంటి కీబోర్డు మనిషి దొరకడం కష్టం కాబట్టి.

మన వైపు నుంచి ఒక్క పేరు చెప్తాను. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్. ఆయన పట్టుకున్నది ఎలక్ట్రిక్ మాండలిన్, అది కర్ణాటక కచేరీ వాద్యమే కాదన్నారు ఆ రోజుల్లో. ఆ వాద్యంతోనే కచేరీ చేశారు, ఆ గమకాలతోనే ఇంగ్లండ్ జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నారు. వాళ్ళిద్దరూ కలిసి వాయించిన రిమెంబర్ శక్తి బృందం రికార్డింగులు విను. తనది వదులుకోకుండా ఎదుటివాడి మాట వినడం అంటే ఏమిటో అందులో దొరుకుతుంది. నీ బెండ్లు, వైబ్రాటో నీ గమకాలు అనుకో. వాటిని పారేయకు, ఏ స్వరం మీద వేస్తున్నావో మాత్రం తెలిసి వెయ్.

గిటార్ సంగతి త్వరగా చెప్పేస్తాను. హాలో బాడీ, అంటే లోపల బోలుగా ఉండే జాజ్ గిటార్, అక్కర్లేదు. కెనడా జాజ్ గిటారిస్టు ఎడ్ బికర్ట్ ఎంతో మెత్తగా వాయించేవాడు, ఆయన వాడింది టెలికాస్టర్, సాలిడ్ బాడీ. నీ గిటార్‌లో స్విచ్ నెక్ పికప్ (మెడ వైపు ఉన్న పికప్) మీద పెట్టు, టోన్ నాబ్ సగానికి దించు, పెడల్స్ అన్నీ తీసి సంచిలో పెట్టు, యాంప్‌లో బాస్ కొంచెం, ట్రెబుల్ తక్కువ. తొమ్మిది గేజ్ (తీగ మందం) తీగలు వాడుతుంటే పదకొండుకి మార్చు, మూడో తీగ చుట్టుతీగ ఉన్న సెట్ అయితే ఇంకా మంచిది. బెండ్ చేయడం కష్టమవుతుంది, అది మంచికే, అలవాటుగా చెయ్యి బెండ్‌లోకి పోకుండా ఉంటుంది. గేజ్ మారిస్తే నెక్ లాగుతుంది కాబట్టి సెటప్ చేయించు, మన ఎండలకి మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి నెక్ చూసుకో. హాలో బాడీ మీద నిజంగానే మనసుంటే ఆల్బమ్ అయ్యాక కొనుక్కో.

ఇప్పుడు నేను పాడు చేసుకున్న ఆల్బమ్ గురించి. 2011లో ఇంట్లోనే కంప్యూటర్ మీద తొమ్మిది ట్యూన్లు చేశాను. డ్రమ్స్ ప్రోగ్రామ్ చేసినవి, బాస్ కూడా కీబోర్డ్ మీద నేనే కొట్టాను, సోలోల్లో నచ్చని ముక్క కోసేసి మళ్ళీ వాయించి అతికించాను, ఒక్కో సోలోకి నలభై అతుకులు. తప్పు స్వరం ఒక్కటి లేదు. ఎనిమిది నెలలు పట్టింది. సార్‌కి వినిపించాను. ఆయన మూడో ట్యూన్ దగ్గర ఆపి, "బాగా వాయించావు. కానీ నీతో ఎవరూ మాట్లాడట్లేదే" అన్నారు. ఇంటికొచ్చి మళ్ళీ విన్నాను. నిజమే. నేను ఎక్కడ గట్టిగా వాయించినా డ్రమ్స్ అలాగే పోతున్నాయి, ఎక్కడ ఆగినా ఎవరూ ఆ ఖాళీలో ఏమీ అనట్లేదు. చాలా బాధేసింది. ఆ ఫైళ్ళు ఇంకా ఉన్నాయి, ఎవరికీ ఇవ్వలేదు.

"సోలో ఆల్బమ్" అన్న మాట మనల్ని ఇక్కడే మోసం చేస్తుంది. కవర్ మీద పేరు ఒకరిదే, లోపల మాత్రం ఇది నలుగురు కూర్చుని మాట్లాడుకునే సంగీతం. మన కచేరీ ఎలా నడుస్తుందో అలాగే: హెడ్ అంటే పల్లవి, సోలోలు కల్పనస్వరాల్లాంటివి, ఎక్కడ తిరిగినా ఎత్తుగడకి రావాలి, రాలేదంటే తాళం తప్పినట్టే. డ్రమ్మర్‌తో నాలుగేసి బార్లు పంచుకోవడం ఉంటుంది, ఇతను నాలుగు, అతను నాలుగు. పక్కన మనిషి లేకుండా ఇదెలా కుదురుతుంది?

మనుషులు ఇక్కడ దొరకరు అంటావేమో. నేనూ అలాగే అనుకున్నాను. 2014లో నాకు దొరికిన డ్రమ్మర్ పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయించే కుర్రాడు, జాజ్ అన్న మాటే వినలేదు, కానీ చెవి అద్భుతం, నేను స్వరం తగ్గిస్తే తను తగ్గేవాడు. బ్రషెస్ (జాజ్ డ్రమ్మర్లు పుల్లలకి బదులు వాడే కుంచెలు) ఇక్కడి షాపుల్లో దొరకలేదు, ఆర్డర్ చేసినవి వచ్చేదాకా కొబ్బరి ఈనెలు కట్టగా కట్టి స్నేర్ మీద గుండ్రంగా రాస్తూ నేర్చుకున్నాడు. బాస్ వాయించింది చర్చి క్వయర్‌లో వాయించే అతను. నిలువు బాస్ లేదు కాబట్టి మామూలు బాస్ గిటార్‌కే బ్రిడ్జ్ దగ్గర తీగల కింద స్పాంజి ముక్క పెట్టి, వేళ్ళతో వాయించాం, ఆ ధుం ధుం చాలావరకు వచ్చింది. చర్చి వాళ్ళని, ఆర్కెస్ట్రా వాళ్ళని చిన్నచూపు చూడొద్దు తమ్ముడూ. గాయకుడు ఏ క్షణంలో ఏ శ్రుతికి మారినా వెంటనే అందుకునేది వాళ్ళే, రాక్ బ్యాండులో ఉన్న మనకి ఆ అలవాటే లేదు.

ఆరు నెలలు వారానికి రెండు సాయంత్రాలు కూర్చున్నాం. దసరా సెలవుల్లో ఒక స్కూలు మ్యూజిక్ రూమ్ అడిగి తీసుకుని రెండు రోజుల్లో ఆరు ట్యూన్లు రికార్డ్ చేశాం. ముగ్గురం ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరికి కనిపించేలా, చెవిలో మెట్రోనోమ్ క్లిక్ లేకుండా. డ్రమ్స్‌కి రెండు మైకులు, నా యాంప్‌కి ఒకటి, బాస్ నేరుగా. ఏ ట్యూన్ అయినా మూడు టేకులు మించొద్దని ముందే అనుకున్నాం. మిక్సింగ్‌తో కలిపి ఇరవై ఆరు వేలు అయింది. రెండో రోజు సాయంత్రం ఒక నిదానపు ట్యూన్ వాయిస్తుంటే వెనక వాడలో బతుకమ్మ మొదలైంది, ఆడవాళ్ళ చప్పట్లు డ్రమ్స్ మైకుల్లోకి వచ్చేశాయి. ఆపుదామని నేను చెయ్యి ఎత్తబోయాను, డ్రమ్మర్ కళ్ళతోనే వద్దన్నాడు, బ్రష్ ఆపి పది బార్లు ఆ చప్పట్లకి వదిలేశాడు. బాస్ అతను దానికి తగ్గట్టు స్వరాలు తగ్గించాడు. నేను రెండే స్వరాలు వాయించాను. ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే, ప్లాన్ చేసుకుంటే వచ్చేది కాదు. ఒక స్వరం ఫాల్స్ కూడా పడింది అందులో. అలాగే ఉంచాం.

కొన్ని జాగ్రత్తలు. మోడ్స్ (ఒకే స్వరాల గుంపుని వేర్వేరు స్వరాల నుంచి మొదలుపెట్టే స్కేళ్ళు) బావిలో పడొద్దు. హుజూరాబాద్ నుంచి నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చేవాడు, మెటల్ నుంచి వచ్చాడు, చెయ్యి మెరుపు. రెండేళ్ళు వీడియోలు చూసి స్కేళ్ళన్నీ కంఠస్థం చేశాడు, ఒక్క ట్యూన్ మొదటి నుంచి చివరిదాకా వాయించలేడు. అతనితో నేను చేయించింది ఒక్కటే, బ్లూ బాసా అనే జాజ్ ట్యూన్ మెలడీ నెల రోజులు, సోలో లేకుండా, పదహారు బార్లు, ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా, ఒకసారి ఒక్క తీగ మీదే. ఇప్పుడు అతను నాకన్నా బాగా వాయిస్తాడు. మెలడీని గౌరవించని సోలో ఎక్కడ మొదలవ్వాలో తెలియక తిరుగుతూనే ఉంటుంది.

ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిపి వాయించే పద్ధతి) వైపు కూడా కాలు జారుతుంది, స్పీడు మనకి ముందే ఉంది కాబట్టి. తప్పని కాదు. కానీ నిదానంగా వాయించడం రాకుండా అటు వెళ్తే పదేళ్ళ నాటి అలవాట్లే కొత్త చొక్కా తొడుక్కుని వస్తాయి. ఒక బ్యాలడ్, అంటే నిదానపు ట్యూన్, 60 వేగంలో, మూడు నిమిషాలు విసుగు రాకుండా వాయించగలవా అని నిన్ను నువ్వు పరీక్షించుకో.

పాత ట్యూన్లు వేరేవాళ్ళ సొత్తు, ఇంట్లో, ప్రాక్టీసులో వాయించుకోవడానికి ఎవరూ ఏమనరు గానీ రికార్డు చేసి బయట పెట్టాలంటే లైసెన్స్ కావాలి, పెట్టే ముందే ఆ పని చూసుకో. ఆల్బమ్‌లో సగమైనా నీ సొంత ట్యూన్లు పెట్టు. నేను చేసిన చిట్కా: తెలిసిన ట్యూన్ కార్డుల మీద కొత్త మెలడీ కట్టడం. జాజ్ వాళ్ళు ఎప్పటి నుంచో చేస్తున్న పనే. నీ బ్యాండు పాటలు ఉన్నాయి కదా, వాటిలో మాటలు తీసేసి ఒక దానికి సెవెంత్ కార్డులు పెట్టి చూడు, ఆశ్చర్యపోతావు.

ఐదు ట్యూన్లు ఏవి అని ఎలాగూ అడుగుతావు. సో వాట్, బ్లూ మంక్, బ్లూ బాసా, ఆటమ్ లీవ్స్, ఐదోది నీకిష్టమైన ఒక నిదానపు తెలుగు పాట, కార్డులు చెవితో పట్టుకుని. ఈ వరుసలోనే. మొదటిదానిలో కార్డులు దాదాపు కదలవు, రెండోది బ్లూస్ కాబట్టి నీ చెయ్యికి తెలిసిన ఊరే, అక్కడి నుంచి మెల్లగా కదలడం మొదలవుతుంది. ఉద్యోగం చేసుకుంటూ రోజుకి గంట పెడితే ఏడాది పడుతుంది, కొందరికి ఏడాదిన్నర. మధ్యలో హైదరాబాద్‌లో ఎక్కడైనా జామ్ (ఎవరైనా వచ్చి కలిసి వాయించే సభ) ఉందని తెలిస్తే వెళ్ళు, రాత్రి రైలుకి తిరిగి రావాల్సి వచ్చినా వెళ్ళు. వాయించకపోయినా పర్లేదు, డ్రమ్మర్ ఎడమ చెయ్యి చూస్తూ కూర్చో.

నవ్వుతారా అన్నావు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన నవ్వాడు, 32 బార్ల లెక్క తప్పి నేను మధ్యలో హెడ్‌కి వచ్చేశాను. మిగతా ముగ్గురు నవ్వలేదు, నేనున్న చోటికే వచ్చి అందుకున్నారు. ఆ రోజు రాత్రి రైల్లో కాజీపేట దాకా వేళ్ళ మీద బార్లు లెక్కపెట్టుకుంటూనే వచ్చాను, మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్తే ఆ పెద్దాయనే పక్కన కుర్చీ వేశాడు.

ఒక పని చెయ్. ఈ వారం పైన చెప్పిన మూడు కార్డులు పట్టుకో, పది రోజులయ్యాక ఆటమ్ లీవ్స్ ఒక్క రౌండు ఫోన్‌లో రికార్డ్ చేసి ఇక్కడే పెట్టు. బ్యాకింగ్ ట్రాక్ వద్దు, మెట్రోనోమ్ కూడా వద్దు, ఒట్టి గిటార్. బి సెవెన్ ఎక్కడ వచ్చిందో నాకు వినిపించిందో లేదో రాస్తాను.